నలభై గోళీలు, ఒక్క నట్టు: అమెరికాలో పాత డర్ట్ బైక్‌కి ఆటోనగర్ వైద్యం

ముందు చక్రం ఇసుకలో దిగింది. హ్యాండిల్ ఎడమకి కొంచెం తిప్పాలి. అంతే, వేలెడంత. తిప్పాను, తిరగలేదు. ఇంకాస్త బలం పెట్టాను. ఈసారి ‘టక్’మని, నేను అనుకున్నదానికి రెట్టింపు తిరిగింది. కట్ చేస్తే నేను కింద, బండి నా పక్కన, వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది.

దెబ్బలేం తగల్లేదు. హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు ఉన్నాయి కాబట్టి దుమ్ము దులుపుకుని లేచాను. కానీ ఆ మలుపు దాటాక కొంచెం దూరంలో బాట పక్కనే లోయ ఉంది. ఆ ‘టక్’ అక్కడ వచ్చి ఉంటే? ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇది జరిగింది లాస్ ఏంజెలిస్‌కి ఉత్తరాన, గోర్మన్ దగ్గరున్న హంగ్రీ వ్యాలీలో. డర్ట్ బైకులు నడుపుకోవడానికే కేటాయించిన కొండలు అవి. నా బండి 1971 మోడల్ యమహా డీటీ-1. అంటే నాకంటే చాలా పెద్దది. మర్యాదగా ‘గారు’ అనాల్సిన వయసు.

ఆర్ఎక్స్ 100కి పెద్దన్న

డీటీ-1 గురించి రెండు ముక్కలు. 1968లో యమహా దీన్ని అమెరికా మార్కెట్‌లోకి దింపింది. 250 సీసీ, టూ స్ట్రోక్, ఒకటే సిలిండర్. అప్పటిదాకా మట్టిలో నడపాలంటే బరువైన బ్రిటిష్ బండో, ఖరీదైన యూరప్ బండో కొనాలి. లేదంటే రోడ్డు బండికే సైలెన్సర్ పైకి లేపి, టైర్లు మార్చి సర్దుకోవాలి. డీటీ-1 మాత్రం మట్టి కోసమే పుట్టిన తేలికపాటి బండి. పైగా లైట్లుంటాయి, రోడ్డు మీద కూడా వెళ్లొచ్చు. మామూలు కుర్రాళ్లు కొనగలిగారు. అమెరికాలో వీకెండ్ వస్తే ఎడారికి బండేసుకుని పోయే పిచ్చి పెరగడంలో దీని వాటా పెద్దదే.

నేను విజయవాడలో పెరిగాను. 1985లో ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా మనకిచ్చిన ఆర్ఎక్స్ 100 మా నాన్నకి ఉండేది. ట్యాంకు మీద కూర్చుని బడికి వెళ్లిన బ్యాచ్ నాది. అదే కంపెనీ, అదే టూ స్ట్రోక్ పొగ వాసన. అమెరికాలో ఒక పెద్దాయన గ్యారేజీలో డీటీ-1 కనపడగానే ఇంకేం ఆలోచించలేదు, కొనేశాను.

ఇంజిన్ చూసుకున్నాను, కార్బ్యురేటర్ కడిగాను, టైర్లు మార్చాను. స్టీరింగ్ నెక్ లోపల ఏముందో మాత్రం చూడలేదు. అందరం చేసే తప్పు అదే. కనపడని చోట గ్రీజు ఎండిపోతుంటే ఎవరికి తెలుస్తుంది?

‘హ్యాండిల్ మధ్యలో ఆగుతోందా?’

మర్నాడు ఇంజిన్ కింద దిమ్మ పెట్టి ముందు చక్రం పైకి లేపాను. రెండు వేళ్లతో హ్యాండిల్‌ని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగింది. ఇంకాస్త తోస్తే అందులోంచి గెంతి బయటికొచ్చింది. ఇసుకలో నన్ను పడేసింది ఈ గుంటే.

రాత్రి తొమ్మిదింటికి ఆటోనగర్ బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర, షాపు అప్పుడే తీస్తారు. ఆయన మాకు చుట్టం కాదు. నాన్న ఆర్ఎక్స్‌ని పదిహేనేళ్లు చూసుకున్న మెకానిక్. చిన్నప్పటి నుంచీ నాకు బాబాయే.

“బాబాయ్, హ్యాండిల్ పట్టేస్తోంది.”

“మధ్యలో ఆగుతోందా, అంతా టైట్‌గా ఉందా?”

“మధ్యలోనే.”

“అయితే బాల్ రేసులు పోయాయి నాన్నా. నట్టు లూజ్ చేసి సర్దుకుందాం అనుకోకు. గుంటలు పడ్డాక నట్టేం చేస్తుంది?”

చూడకుండానే చెప్పేశారు. ఎలాగో తెలియాలంటే నెక్ లోపలికి వెళ్లాలి.

గోళీ ఎందుకు గుంట పెడుతుంది?

బండి ఫ్రేములో ముందు వైపు ఒక పొట్టి గొట్టం ఉంటుంది. అదే స్టీరింగ్ నెక్. ఫోర్కుల్ని పట్టుకునే ‘టీ’ కడ్డీ దాని లోంచి పైకి వస్తుంది. గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి బేరింగులు. పాత బళ్లలో అవి మామూలు స్టీలు గోళీలే. కింద గిన్నె లాంటి రేసు, పైన మరో రేసు, మధ్యలో గ్రీజులో కూర్చున్న గోళీలు. నా బండిలో రెండు వైపులా కలిపి దాదాపు నలభై. మన ఆర్ఎక్స్, పాత బుల్లెట్, యెజ్డీల్లో కూడా పద్ధతి ఇదే.

గోళీ బల్ల మీద పెడితే ఎంత మేర ఆనుతుంది? ఒక చుక్కంత. బండి గోతిలో పడ్డప్పుడల్లా ముందు చక్రం దెబ్బంతా ఆ చుక్కల మీదే పడుతుంది. చక్రం, ఇంజిన్ బేరింగులైతే గిర్రున తిరుగుతుంటాయి కాబట్టి దెబ్బ చుట్టూ పంచుకుంటాయి. స్టీరింగ్ అలా కాదు. మనం ఎక్కువసేపు తిన్నగానే పోతాం. కాబట్టి గోళీలు రోజూ అదే చోట కూర్చుని, దెబ్బ అదే చోట కొడతాయి. కొన్నేళ్లకి రేసులో చిన్న చిన్న సొట్టలు పడతాయి. అందుకే హ్యాండిల్ సరిగ్గా మధ్యలోనే ఆగుతుంది. బాబాయ్ అడిగిన ఒక్క ప్రశ్నలో ఉన్న లాజిక్ ఇదే.

ఈ సొట్టలు పడడాన్ని ఇంజినీర్లు ‘బ్రినెల్లింగ్’ అంటారు. గట్టి గోళీని లోహం మీద నొక్కి, పడిన గుంట సైజుని బట్టి ఆ లోహం ఎంత గట్టిదో కొలిచే పద్ధతిని 1900లో స్వీడన్ ఇంజినీర్ యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పరిచయం చేశాడు. ఆ టెస్టే మన బండి నెక్‌లో ఏళ్ల తరబడి జరుగుతోందన్నమాట.

గోళీ బదులు అప్పడాల కర్ర

తడి మట్టి మీద గోళీ పెట్టి నొక్కండి, దిగిపోతుంది. అదే బలంతో అప్పడాల కర్రని నొక్కండి, పెద్దగా దిగదు. బరువు చుక్క మీద కాకుండా గీత పొడవునా పంచుకోవడమే కారణం. రోలర్ బేరింగ్ పని చేసేది ఇలాగే.

మరి టేపర్ ఎందుకు? పల్లీల పొట్లాన్ని బల్ల మీద పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోదు. మొన చుట్టూ గుండ్రంగా తిరిగి వస్తుంది. టేపర్ రోలర్ కూడా ఒక చివర సన్నంగా, ఇంకో చివర లావుగా ఉండే పొట్లం లాంటిదే. వలయంలా పేర్చితే రోలర్లన్నీ రుద్దుకోకుండా దొర్లుతాయి. పైగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి కింద నుంచి వచ్చే దెబ్బనీ, ముందు నుంచి వచ్చే తోపునీ రెండిటినీ మోస్తాయి. స్టీరింగ్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇది నిన్నా మొన్నటి ఐడియా కాదు. అమెరికాలో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్, తన మేనల్లుడితో కలిసి 1898లోనే టేపర్ రోలర్ బేరింగ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. బగ్గీ మలుపు తిరిగేటప్పుడు ఇరుసు మీద పడే పక్క ఒత్తిడికి అది మందు. బగ్గీల రోజుల్నాటి ఆ ఐడియానే ఇప్పుడు నా డీటీ-1 నెక్‌లోకి ఎక్కించాలి.

‘ఒరిజినల్ తీసేస్తావా?’

బండి అమ్మిన పెద్దాయనకి చెబితే ముఖం చిట్లించాడు. కంపెనీ పెట్టిన గోళీలు తీసేస్తే అది 1971 బండి ఎలా అవుతుందని ఆయన బాధ. నిజంగా ఆలోచించాల్సిన మాటే. గోళీలు చెడ్డవి కావు. కొత్త రేసులు, కొత్త గోళీలు వేసి టైముకి గ్రీజు పెడితే చక్కగా పనిచేస్తాయి. ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే బండికైతే నేనూ అవే వేస్తాను. కానీ నాది రాళ్లల్లో, గోతుల్లో తిరిగే బండి. బయటికి ఏ తేడా కనపడదు. ఫ్రేముని కొయ్యక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. పాత సామాను డబ్బాలో పెట్టి దాచాను. రేపు ఎవరైనా కావాలంటే సరిపడా రేసులు వేసుకుని మళ్లీ గోళీల పద్ధతికి వెళ్లొచ్చు. ఆ మాట చెబితే పెద్దాయన కాస్త మెత్తబడ్డాడు.

ముందు కొలత, తర్వాత సుత్తి

కిట్ కొనేముందు వెర్నియర్‌తో మూడు కొలతలు చూసుకోవాలి: టీ కడ్డీ మందం, నెక్ లోపలి వెడల్పు, బేరింగ్ ఎత్తు. మొదటి రెండూ అందరూ చూస్తారు. మూడోది మర్చిపోతారు. కొత్త బేరింగ్ పాతదానికంటే ఎత్తుగా ఉంటే పైన నట్టుకి మర సరిపోదు. పొట్టిగా ఉంటే వాషర్ వేసి సర్దాలి. నేను తెప్పించిన మొదటి కిట్ కింద బేరింగ్ ఎత్తు తేడా వచ్చి వెనక్కి పంపాల్సొచ్చింది. రెండోది సరిపోయింది.

విప్పడం సులువే. చక్రం, ఫోర్కులు, హ్యాండిల్, పై క్లాంపు తీసి, చివర్న నట్టు విప్పితే టీ కిందికి జారుతుంది. కింద గుడ్డ పరవడం మర్చిపోకండి. హారం తెగినట్టు గోళీలు గ్యారేజీ అంతా పరిగెడతాయి. నేను మర్చిపోయాను. మూడు ఇప్పటికీ దొరకలేదు.

గ్రీజు? అదో కథ. యాభై ఏళ్ల గ్రీజు చెవిలో గులిమిలా గట్టిపడింది. తుడిచి చూస్తే రేసులో వరసగా సొట్టలు. గోరు పెడితే తెలుస్తున్నాయి.

ఫ్రేములో దిగిన పాత రేసుల్ని లోపలి నుంచి పొడవాటి కడ్డీ ఆనించి కొట్టి తీయాలి. ఒకే వైపు కొడితే అడ్డం పడి నెక్‌ని గీరేస్తుంది. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. టీకి అంటుకున్న కింది రేసే మొండిది. చిన్న గ్రైండర్‌తో సగం లోతు గాడి పెట్టి, అందులో ఉలి ఆనించి ఒక్కటిస్తే పగిలి వదిలింది. గాడి కడ్డీ దాకా దిగకుండా చూసుకోవాలి.

ఇక బిగించడం. కొత్త బయటి రేసులు రెండిటినీ రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. కొబ్బరి తురుముకీ కరివేపాకుకీ మధ్య. పొద్దున్నే చూసి రూమ్మేట్ ఇదేం కూరని అడిగాడు. స్టీలు చల్లబడితే కుంచించుకుంటుంది. 47 మిల్లీమీటర్ల రేసు గది వేడి నుంచి మైనస్ 18 డిగ్రీలకి వెళ్తే తగ్గేది దాదాపు 0.025 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ, బిగుతుగా దిగే పనిలో ఆ కాస్తే పెద్ద తేడా. నెక్‌ని హీట్ గన్‌తో కొంచెం వేడి చేసి, పాత రేసునే మీద పెట్టి తట్టాను. దిగేంతసేపూ ఒక శబ్దం. అడుగుకి ఆనగానే శబ్దం మారి ‘ఖణ్’మంటుంది. అక్కడ ఆపేయాలి.

రేసుల వెడల్పు నోరు బయటికి ఉండాలి. పైది పైకి, కిందది కిందికి. అంటే రెండు పొట్లాల మొనలు నెక్ లోపల ఒకదాన్నొకటి చూసుకోవాలి. టీ మీద ముందు దుమ్ము సీలు, తర్వాత కింది బేరింగ్. దాన్ని గొట్టంతో దింపేటప్పుడు గొట్టం లోపలి రింగుకి మాత్రమే తగలాలి. రోలర్లని పట్టుకునే పల్చటి జాలీకి దెబ్బ తగిలిందో, కొత్త బేరింగ్ చెత్తబుట్టకే.

గ్రీజు పైపైన పూస్తే చాలదు. నీళ్లకి కరగని గ్రీజు అరచేతిలో వేసుకుని, బేరింగ్ లావు అంచుతో దాన్ని అదుముతూ ఉండాలి. రోలర్ల మధ్య నుంచి అవతలి వైపుకి గ్రీజు పొడుచుకొచ్చిందంటే లోపల నిండినట్టు. ఇది బాబాయ్ చిన్నప్పుడే చూపించారు. అప్పుడు నాకది ఆట.

నేను చేసిన అసలు తప్పు

నేను ఇంజినీర్ని. నాకు నంబర్ కావాలి. పాత మాన్యువల్ తీసి, అందులో రాసిన టార్క్ ప్రకారం నట్టు బిగించాను. ఆట లేదు, గట్టిగా ఉంది, సూపర్ అనుకున్నాను.

ఇంటి ముందు వీధిలో పది మైళ్ల స్పీడులో పోయాను. బండి తాగినట్టు నడిచింది. ఎడమకి వాలుతుంది, సరిచేస్తే కుడికి పోతుంది, మళ్లీ సరిచేయాలి. తిన్నగా ఉండదు. కొత్త బేరింగులతో ఇలాగా?

మళ్లీ వీడియో కాల్. బాబాయ్ ఫోన్‌ని హ్యాండిల్ దగ్గర పెట్టమన్నారు. చక్రం గాల్లో ఉంది.

“మధ్యలో పెట్టి వదిలెయ్.”

వదిలాను. హ్యాండిల్ అక్కడే నిలబడింది.

“వేలితో కొంచెం తట్టు.”

తట్టాను. ఓ అంగుళం కదిలి ఆగిపోయింది.

“బిగుసుకుపోయింది నాన్నా. నంబర్ పక్కన పెట్టు, హ్యాండిల్‌ని అడుగు. అదే చెప్తుంది.”

తప్పెక్కడుందో అప్పుడర్థమైంది. ఆ మాన్యువల్ అంకె గోళీల కోసం రాసింది, రోలర్ల కోసం కాదు. పైగా రెండు చక్రాల బండి నిలబడేదే హ్యాండిల్ చేసే చిన్న చిన్న సవరణల వల్ల. మనకి తెలియకుండానే అది క్షణక్షణం అటూ ఇటూ కొంచెం తిరుగుతూ ఉంటుంది. బేరింగ్ బిగిస్తే ఆ సవరణలు ఆగిపోతాయి. అందుకే తాగినట్టు నడక. మరీ లూజ్ చేస్తే ఇంకో ప్రమాదం. బ్రేక్ వేయగానే ‘టక్ టక్’, స్పీడులో హ్యాండిల్ వణుకు.

బాబాయ్ చెప్పినట్టే చేశాను. ముందు కొంచెం గట్టిగా బిగించి, హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగైదు సార్లు తిప్పాను, రోలర్లు సర్దుకోడానికి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, సి-పానాతో మెల్లగా, ఆట పోయేదాకా మాత్రమే తిప్పాను. పై క్లాంపు పెట్టి పెద్ద నట్టు బిగించాను. మళ్లీ చూస్తే మళ్లీ టైట్! పై నట్టు బిగిస్తే కింద ఒత్తిడి పెరుగుతుందట. విప్పు, వెంట్రుకవాసి వదులు చెయ్, మళ్లీ బిగించు, మళ్లీ చూడు. మూడోసారికి కుదిరింది. మధ్యలో పెట్టి వేలితో తట్టగానే హ్యాండిల్ తన బరువుకి తనే, ఎక్కడా ఆగకుండా, పక్కకి ఒరిగి చివర ఆనింది. ఫోర్కు కింద చివర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే ఆట లేదు.

“అద్గదీ,” అన్నారు బాబాయ్. వేల మైళ్ల అవతల నుంచి, స్క్రీన్ మీద చూసి.

మీ బండికి ఐదు నిమిషాలు

ఇది పాత డర్ట్ బైకు గొడవ కదా, మనకెందుకు అనుకోకండి. మన రోడ్ల మీది గోతులూ స్పీడ్ బ్రేకర్లూ ఏ ఎడారికీ తీసిపోవు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం పైకి లేపండి.

హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే రేసులు పోయినట్టే. నట్టు బిగించినా, వదులు చేసినా అది నయం కాదు. మార్చాల్సిందే.

ఫోర్కు కిందిభాగం పట్టుకుని లాగండి. ఆట ఉంటే, ఇంకొకరిని నెక్‌కీ టీకీ మధ్య సందులో వేలు పెట్టమనండి. కదలిక అక్కడ తెలిస్తే స్టీరింగ్ బేరింగ్. అక్కడ తెలియకపోతే చక్రం బేరింగో, ఫోర్కు బుష్షో అయ్యుండొచ్చు.

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ని నేరుగా నెక్ మీద కొట్టనివ్వకండి. నీళ్లు లోపలికి పోతే గ్రీజు పోతుంది, తుప్పొస్తుంది.

టేపర్ రోలర్ కిట్లు మన దగ్గర చాలా మోడళ్లకి దొరుకుతాయి. మీ మోడల్ చెప్పి, ఎత్తు కొలత సరిచూసుకుని తీసుకోండి. అలవాటు లేకపోతే మీరే సుత్తి పట్టుకోవద్దు. ముందు చక్రంతో ప్రయోగాలు వద్దు. కానీ మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడండి. నట్టు బిగించాక ‘ఒకసారి వదిలి చూపించండి’ అని అడగండి. పని తెలిసిన మనిషైతే నవ్వుతూ చూపిస్తాడు. కొత్తవి వేశాక మొదట్లో కొంచెం సర్దుకుంటాయి. రెండు మూడు వారాల్లో మళ్లీ ఒకసారి చెక్ చేయించుకోండి.

మళ్లీ అదే మలుపు

పోయిన ఆదివారం హంగ్రీ వ్యాలీకి వెళ్లాను. అదే ఇసుక, అదే మలుపు. చక్రం దిగింది. హ్యాండిల్ వేలెడంత తిప్పాను. వేలెడంతే తిరిగింది.

లోయ పక్క బాట దాటాక బండి ఆపి ఫొటో తీసి బాబాయ్‌కి పంపాను. కాసేపటికి రిప్లై వచ్చింది, వాయిస్ మెసేజ్.

“బాగుంది నాన్నా. నెల తర్వాత నట్టు మళ్లీ చూసుకో. మీ నాన్న ఆర్ఎక్స్ కూడా తెమ్మను, ఎన్నాళ్లయిందో నెక్ విప్పి.”